పక్క కుర్చీలోని అక్కకు సువార్త ఎలా చెప్పాలి?

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను. వరంగల్‌లో విత్తనాలు, ఎరువులు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. మా అమ్మ కాలం నుంచి మేము విశ్వాసులం. ప్రతి విశ్వాసి క్రిస్మస్ లోపు కనీసం ఒక్క కుటుంబాన్నైనా ప్రభువు దగ్గరికి నడిపించాలని ఈ ఏడాది మా సంఘంలో తీర్మానించారు. నెలనెలా కూడికలో ఎవరు ఎవరితో మాట్లాడారో చదువుతారు. నా పేరు ఎదుట ఏమీ ఉండదు. ఆ సిగ్గుతో, నా పక్క సీటులో పనిచేసే అక్క టిఫిన్ సంచిలో ఆమెకు తెలియకుండా ఒక కరపత్రం పెట్టాను. ఆమె నన్నేమీ అనలేదు. కానీ ఇన్నేళ్లూ నాతో కలిసి అన్నం తిన్న మనిషి అప్పటినుంచి వేరేచోట కూర్చుని తింటోంది. అంతకుముందు ఆమె మేడారం వెళ్లివచ్చి బంగారం, అంటే జాతర బెల్లం, ఇస్తే కాదనలేక తీసుకుని సొరుగులో వదిలేశాను. చీమలు పట్టాక అది ఆమె కంటపడింది. ఇక నేను నోరు మెదపకుండా ఉండాలా? చెప్పకపోతే ప్రభువు ముందు దోషినవుతానేమోనని భయంగా ఉంది. ప్రసాదం ఇస్తే ఏం చేయాలి? మా దుకాణంలో పనిచేసే ఒక కుర్రవాడు తనంతట తానే యేసు గురించి అడుగుతున్నాడు, బాప్తిస్మం మాట కూడా ఎత్తాడు. అతనితో మాట్లాడటం చట్టప్రకారం తప్పవుతుందా?
– ఒక సోదరి, హనుమకొండ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు భయాలు ఉన్నాయి. కూడికలో పేర్లు చదివేటప్పుడు తల దించుకోవలసి వస్తుందన్నది ఒకటి, దేవుని ఎదుట దోషిగా నిలబడవలసి వస్తుందన్నది మరొకటి. మొదటి భయాన్ని వదిలేయండి, దాని సంగతి తరువాత చెబుతాను. రెండోది తేలికగా తీసిపారేయదగినది కాదు. సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మాట పాస్టర్లకే అనుకుని మనలో చాలామంది నిశ్చింతగా ఉంటారు. మీరు అలా అనుకోలేదు. అందుకు సంతోషిస్తున్నాను.

ఆ మాటను సామాన్య విశ్వాసుల చేత పలికించిన ఒక మనిషి మన పక్కనే జీవించాడు. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు ఎక్కితే దారిలో దోర్నకల్ వస్తుంది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా, మొన్నటివరకు వరంగల్ జిల్లా. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడికి మిషనరీగా వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. బాప్తిస్మం తీసుకునేవారిని తమ చేతిని తమ తలమీద పెట్టుకోమని, ‘నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అని చెప్పమని ఆయన అడిగేవాడు. ఆ చెప్పినవాళ్లలో ఎక్కువమంది దళిత కూలీలు. చదువు రానివాళ్లు, పంచడానికి కరపత్రం లేనివాళ్లు, ఉన్నా చదవలేనివాళ్లు. వాళ్లు సువార్తను ఎలా ప్రకటించారు? తమ ఊళ్లోనే ఉండి, ఆ పొలాల్లోనే పనిచేస్తూ, తాగుడు మాని, కొట్లాటలు మాని, పిల్లలను బడికి పంపి. వాళ్లలో వచ్చిన ఆ మార్పును కళ్లారా చూసి, అంతవరకు వాళ్లను గడప తొక్కనివ్వని రైతు కులాలవారు సైతం బోధ వినడానికి వచ్చారు. ఆ ప్రాంతపు సంఘ చరిత్రలో నన్ను అన్నింటికన్నా కదిలించే విషయం ఇదే.

ఇదే అజరయ్య, బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్నది ఎక్కువగా పాశ్చాత్య మిషనరీలు, వాళ్లను పంపిన పెద్దలు. పౌలు ప్రేమను గురించి రాసిన అధ్యాయంలోని మాటలే తీసుకుని, మీరు పేదల కోసం మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడటానికి మీ శరీరాలనూ ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. భారతీయ క్రైస్తవులను తమతో సమానంగా కూర్చోబెట్టుకోలేని మిషనరీలకు చెప్పిన మాట అది. వందేళ్లు దాటినా అది మన పనికి వస్తుంది, ఎందుకంటే ఈరోజు మన ఊళ్లో చెప్పేవాళ్లం మనం, వినేవాళ్లు మన పొరుగువారు. తలమీద చెయ్యి పెట్టించినవాడూ, స్నేహితులను అడిగినవాడూ ఒక్కడే. ఈ రెండింటినీ విడదీసి చూస్తే అతని మనసు మనకు అర్థం కాదు.

మీ విషయంలో జరిగింది చూడండి. మీకు ఆ అక్క ఇన్నేళ్ల స్నేహితురాలు. ఒకే చోట కూర్చుని, ఒకరి కూర ఒకరు వేసుకుని తిన్నారు. అజరయ్య ఎడిన్‌బరో దాకా వెళ్లి అడిగినది మీ దగ్గర అప్పటికే ఉంది. ఆ కాగితాన్ని మీరు చేతికిచ్చి, ‘అక్కా, ఇది నాకు విలువైనది, వీలైతే చదువు’ అని ఉంటే ఆమె చదివినా చదవకపోయినా నొచ్చుకునేది కాదేమో. చెప్పకుండా సంచిలో పెట్టేసరికి, ఇన్నేళ్లూ ఈ పిల్ల నాతో అన్నం తిన్నది ఇందుకేనా అన్న అనుమానం ఆమెకు కలిగి ఉంటుంది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

బెల్లం సంగతి ఇంకొంచెం బరువైనది. సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరనుంచి జనం ఆ బెల్లాన్ని ఎంత కష్టపడి తెస్తారో మన ప్రాంతంలో పుట్టిన మీకు నేను చెప్పనక్కరలేదు. ఇరుగుపొరుగులో తమ వాళ్లనుకున్నవారికే పంచుతారు. ఆ అక్క మీకూ పంచింది. దాన్ని చీమలపాలు చేసిన మనిషే తన దేవుని గురించి కాగితం ఇస్తే ఏమనుకుంటుంది? తన విశ్వాసాన్ని సొరుగులో పడేసి, నీ విశ్వాసాన్ని తన సంచిలో పెట్టావని అనుకుంటుంది.

కాబట్టి ముందు క్షమాపణ అడగండి. అందరి ముందు వద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు. ఇంత చాలు: ‘అక్కా, నిన్ను అడగకుండా నీ సంచిలో ఆ కాగితం పెట్టాను. నువ్వు ప్రేమతో ఇచ్చిన బెల్లాన్ని కూడా సరిగ్గా చూసుకోలేదు. రెండూ నా తప్పులే. మనసులో పెట్టుకోకు.’ ఆ తరువాత ఆగిపోండి. కానీ, అయినా, ఒక్కసారి చదివి చూడు అని తోకలు తగిలించకండి. ఆదివారం ఆరాధనకు రమ్మని ఆ నోటితోనే పిలవకండి. క్షమాపణను సువార్తకు దారి చేసుకున్నట్టు కనిపిస్తే మొదటి గాయం మీద రెండోది పడుతుంది. ఆమె వెంటనే తిరిగి మీ పక్కకు రాకపోవచ్చు. రావాలని పట్టుపట్టకండి, ఎప్పటిలాగే పలకరించండి.

మన సంఘాల్లో ఎవరూ సరిగా నేర్పని ఒక విషయం చెబుతాను. సువార్త చెప్పాలనుకునేవాడు ఇవ్వడం ఒక్కటే నేర్చుకుంటే చాలదు, పుచ్చుకోవడమూ నేర్చుకోవాలి. యోహాను నాలుగో అధ్యాయంలో యేసు సమరయ స్త్రీతో మాట మొదలుపెట్టింది ఎలాగ? నాకు దాహానికి నీళ్లిమ్మని అడిగాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయని కాలంలో, ఆమె కుండలోని నీళ్లు కావాలన్నాడు. జీవజలం మాట ఆ తరువాతే వచ్చింది. మన నేలమీద ఇందుకు సాక్ష్యం డిచ్‌పల్లిలో ఉంది. నిజామాబాద్ దగ్గర కుష్ఠురోగుల కోసం డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన ఆసుపత్రికి పెద్ద విరాళం ఇచ్చింది నర్సాగౌడ్ అనే హిందూ దాత. మెథడిస్టు మిషనరీ అయిన కెర్ ఆ డబ్బు తీసుకుంది. ఎవరూ ముట్టుకోని రోగులకు మందు వేసింది. దేవుని పనిలో అవతలివాడి చెయ్యి పడితే అది మైలపడదు. మీరు కూడా ఆ అక్కను మీ జీవితంలోకి రానివ్వండి. పిల్లవాడికి జ్వరమొస్తే ఆమె సలహా అడగండి. కూర ఎలా వండావని అడగండి. మీ ఇంట్లో ఇబ్బంది ఉంటే చెప్పుకోండి. క్రైస్తవులకు కష్టాలుండవన్నట్టు ఎప్పుడూ నవ్వుముఖంతో తిరిగేవాళ్లను చూసి ఎవరూ దేవుణ్ణి నమ్మరు, ఆశ్చర్యపోతారంతే.

అయితే జీవితంతోనే సాక్ష్యం చెబుతాను, నోటితో చెప్పనవసరం లేదు అని ఒక మాట ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. దానితో నేను ఏకీభవించను. నోరు మూసుకొని మంచిగా బతికితే ‘ఈ అమ్మాయి మంచిది’ అన్న పేరు మీకే వస్తుంది, ప్రభువుకు రాదు. ఎప్పుడో ఒకప్పుడు పేరు పెట్టి చెప్పాలి. పేతురు మొదటి పత్రికలో దీనికి చక్కని పద్ధతి ఉంది: మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగే ప్రతివానికి, సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండండి అన్నాడు. అడిగినప్పుడు చెప్పడం, సాత్వికంగా చెప్పడం, ముందే సిద్ధపడి ఉండటం, ఈ మూడూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. మనం మొదటి రెండూ మరిచి గట్టిగా చెబుతాం, లేదా మూడోది మరిచి అడిగినప్పుడు తడబడతాం.

సిద్ధపడటమంటే వాదనలు కంఠతా పట్టడం కాదు. ఒక సాయంత్రం కూర్చుని, యేసు మీకు ఏం చేశాడో ఒక పేజీ రాయండి. మీ అమ్మగారి విశ్వాసం వేరు, మీది వేరు. మీరెందుకు నమ్ముతున్నారు? ఏ రాత్రి మీ ప్రార్థనకు ఆధారం దొరికింది? ఎవరిని క్షమించగలిగారు? రాసిన తరువాత మన కూడికల్లో మాత్రమే అర్థమయ్యే మాటలన్నీ కొట్టేయండి. రక్షింపబడ్డాను, అభిషేకం పొందాను అంటే మీ అక్కకు ఏమీ తెలియదు. ‘అప్పట్లో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదక్కా, ఈ వాక్యం చదివిన తరువాత ఎవరో పక్కన కూర్చున్నట్టు అనిపించింది’ అంటే తెలుస్తుంది. గెరాసేనుల దేశంలో దయ్యాలు వదిలినవాడు యేసు వెంట వస్తానంటే, ఆయన అతణ్ణి ఇంటికి పంపి, ప్రభువు నీకు చేసినవి నీవాళ్లకు చెప్పమన్నాడు. చూపు వచ్చిన గుడ్డివాడు పరిసయ్యుల ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పలేదు. ఒకటి మాత్రం నాకు తెలుసు, గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. తెలియనిదానికి తెలియదనండి. ఆమె దేవతల గురించి ఒక్క మాట కూడా తక్కువ చేసి మాట్లాడకండి. యేసు మంచివాడని చెప్పడానికి ఇంకెవరినీ చెడ్డగా చూపించనక్కరలేదు.

ఇంకో జాగ్రత్త. జబ్బు, అప్పు, సంతానలేమి వంటి కష్టాలు ఎదుటివారికి వచ్చినప్పుడు మనవాళ్లు ఎక్కువ తొందరపడతారు. ఎంజీఎం ఆసుపత్రి వార్డులో పడుకున్న మనిషి దగ్గరికి వెళ్లి, నమ్మితే లేచి కూర్చుంటావని చెప్పడం క్రూరత్వం. లేవకపోతే తన విశ్వాసం చాలలేదని ఆ మనిషి కుమిలిపోతాడు. మందులు మానమని చెప్పడం పాపమని నేను గట్టిగా నమ్ముతాను. అక్క ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే ముందు క్యారేజీ తీసుకెళ్లండి. రాత్రి తోడు పడుకునేవారు కావాలేమో అడగండి. ఆ తరువాత, ‘నేను మీకోసం ప్రార్థన చేయవచ్చా?’ అని అడగండి. సరే అంటే గొంతు పెంచకుండా, పక్క మంచాలవారికి ఇబ్బంది కాకుండా, నాలుగు మాటల్లో ముగించండి. వద్దంటే నవ్వి ఊరుకోండి. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ప్రార్థించుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మీ ఉద్యోగం లెక్కలు రాయడం. అదీ సాక్ష్యమే. వానాకాలం విత్తనాల సీజనులో అప్పుకు సరుకు తీసుకెళ్లే రైతు ఖాతాలో ఒక్క అంకె కూడా తేడా రాకూడదు. చిట్టీ వేసి ఉంటే గడువుకు కట్టండి. మీ ఇంట్లో గృహ కూడిక జరిగితే, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలున్నప్పుడు మైకు పెట్టవద్దని మీరే చెప్పండి. వాట్సాప్ స్టేటస్‌లో వాక్యాలు పెట్టుకోవచ్చు, తప్పు లేదు, కానీ దాన్ని సువార్త పనిగా లెక్క వేసుకోకండి.

ఇక ప్రసాదం. మన సంఘాల్లో దీనిపై ఒకే మాట లేదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు రెండూ చదవండి. భోజనం మనల్ని దేవుని దగ్గర చేర్చదు అంటాడు, వడ్డించినది మనస్సాక్షి కోసం విచారించకుండా తినమంటాడు. అయితే ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెబితే, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. జాతర బెల్లం ఏమిటో చెప్పకుండా ఎవరూ ఇవ్వరు కాబట్టి, మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే తినకండి. నా అభిప్రాయమూ అదే. కానీ ఒప్పుకోని మనస్సాక్షికీ మర్యాద ఉంటుంది. తీసుకుని దాచి పారేయడం కంటే చేతులు జోడించి, ‘అక్కా, నన్ను గుర్తుపెట్టుకుని ఇంత దూరంనుంచి తెచ్చావు, సంతోషం. మా విశ్వాసం ప్రకారం నేను ఇది తినను, ఏమీ అనుకోకు. జాతర ఎలా జరిగింది, పిల్లలు అలసిపోలేదు కదా?’ అని కూర్చుని వినండి. నిజం చెప్పి ప్రేమగా అడిగితే చాలామంది అర్థం చేసుకుంటారు. బతుకమ్మ రోజుల్లో కూడా అంతే. పూజలో కలవలేకపోవచ్చు. తంగేడు, గునుగు పూలు పేర్చిన ఆమె చేతి పనితనం బాగుందని చెప్పడానికి మీ విశ్వాసం అడ్డురాదు. క్రిస్మస్‌కు మీరు ఇచ్చే కేకును ఆమె తినకపోతే, మీరు కోరుకునే మర్యాదే ఆమెకూ ఇవ్వండి.

కూడికలో పేర్లు చదవడం గురించి మీ పాస్టరుగారితో మాట్లాడండి. అయ్యగారి ఉద్దేశం మంచిదే, సంఘం నిద్రపోకూడదని ఆయన తపన. ‘అయ్యగారూ, ఆ జాబితా కోసం నేను ఒక స్నేహితురాలిని నొప్పించాను. పేర్లు చదవడానికి బదులు, మనం ఎవరికోసం ప్రార్థిస్తున్నామో మన మనసులోనే ఉంచుకుంటే ఎలా ఉంటుంది?’ అని వినయంగా చెప్పండి. విత్తడం, నీళ్లు పోయడం మనుషుల పని, వృద్ధి కలుగజేసేది దేవుడని పౌలు చెప్పిన మాట ఆయనకు మీకంటే బాగా తెలుసు. ఆయన ఒప్పుకోకపోతే, మీ పేరు ఎదుట ఖాళీని ఖాళీగానే ఉండనివ్వండి. దేవుడు ఆ కాగితం చూసి మిమ్మల్ని లెక్క అడగడు.

చివరిగా ఆ కుర్రవాడి సంగతి. రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి మతాన్ని అవలంబించడానికీ, ఆచరించడానికీ, ప్రచారం చేయడానికీ ప్రతి ఒక్కరికీ హక్కు ఇచ్చింది. మన విశ్వాసాన్ని వివరించి చెప్పడం ఆ హక్కులో ఉందని, మరొకరిని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అతను అడిగితే మీరు జవాబు చెప్పడం నేరం కాదు. డబ్బు, ఉద్యోగం, ఫీజు, పెళ్లి సంబంధం వంటి ఆశ ఏదీ ఆ మాటల దగ్గరికి రానివ్వకండి. దుకాణంలో అతను మీకన్నా చిన్న పనిలో ఉంటే మరీ జాగ్రత్త, మీ మాట కాదనలేక తలూపవచ్చు. పని వేళల్లో ఈ చర్చ వద్దు. మీరు అతని వయసు రాయలేదు. పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రులకు తెలియకుండా ఒక్క అడుగూ వేయకండి. నిండినా, ముందు వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడమని అతనికే చెప్పండి. వాళ్లను దాటించి తీసుకొచ్చే విశ్వాసం ఇల్లు విరుస్తుంది.

అతను ఎస్సీ కుటుంబం నుంచి వచ్చి ఉంటే ఒక నిజం దాచకుండా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణలతో కలిపి, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా ఇస్తుంది. ఎస్సీలు క్రైస్తవం తీసుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. చదువులోనూ ఉద్యోగంలోనూ దాని ప్రభావం పెద్దది. ఎస్టీలకు ఈ షరతు లేదు. ఇది అన్యాయమని నేను అనుకుంటాను, దీనిపై ఎన్నో ఏళ్లుగా వాదనలు జరుగుతున్నాయి. అయినా ఈరోజు ఉన్న చట్టం ఇది. ముందు బాప్తిస్మం ఇచ్చేసి, కాగితాల్లో మాత్రం పాతదే ఉంచుకోమని చెప్పే పెద్దలు ఉన్నారు. కొత్త విశ్వాసి మొదటి అడుగే అబద్ధంతో వేయించకండి. ఖర్చు ఎంతో లెక్క చూసుకోకుండా గోపురం కట్టడం మొదలుపెట్టేవాడి గురించి యేసే హెచ్చరించాడు.

బాప్తిస్మానికి తొందరేమీ లేదు. అతనికి మార్కు సువార్త పుస్తకం ఒకటి ఇవ్వండి, నాలుగు సువార్తల్లో అదే చిన్నది. చదువుతూ పోయి, అర్థం కానిచోట గీత గీసుకొమ్మనండి. మీ సంఘంలో నిదానస్తుడైన ఒక పెద్దాయనను ఎంచి, ఆదివారం మధ్యాహ్నాలు అతనితో కూర్చోమని అడగండి. ఆడపిల్లగా మీరు ఒంటరిగా ఆ బాధ్యత మోయవద్దు, పుకార్లకు అవకాశం ఇవ్వద్దు. చదివిన తరువాత అతనికి నమ్మకం కుదరకపోతే, ఆ పుస్తకం తన దగ్గరే ఉంచుకొమ్మని చెప్పండి.